అరవై మార్కులు చాలవు వదినగారూ

అద్దంకి,
2 డిసెంబరు 2007.

వదినగారికి సుబ్బరావమ్మ నమస్కారాలు.

స్వామి దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం. మీరూ, కోడలూ బాగున్నారని తలుస్తాను. ఫోన్ చేద్దామంటే మా ఆయన పక్కనే కూర్చుని వింటారు, సగంలో రిసీవరు లాక్కుంటారు. ఉత్తరాలైతే చదవరు. అందుకని కాగితం మీద పెడుతున్నాను. కార్తీకమాసం వెళ్ళేదాకా ఎవరి మనసూ నొప్పించకూడదని నియమం పెట్టుకున్నాను. అది ఈ ఉత్తరం చివరిదాకా నిలబడుతుందో లేదో ఆ శివుడికే తెలియాలి.

జ్యోతిర్మయి జర్మను పరీక్ష తప్పిందని మా అబ్బాయి నాగేంద్రబాబు అక్కణ్ణుంచి ఫోన్ చేసి చెబితే తెలిసింది. నూటికి నలభై ఒకటి. అరవై వస్తే పాసు. నల్లపాడు కబురు అద్దంకి రావడానికి జర్మనీ చుట్టూ తిరగవలసి వచ్చింది.

సంబంధం తెచ్చిన రోశయ్య గారు పెళ్ళిచూపుల్లో ఏమన్నారు? "ఇంటరుతో ఆగిందనేగానీ బుల్లయ్యా, ఈ పిల్ల ఇంగ్లీషు మాట్లాడితే దొరలు పక్కకి తప్పుకోవాలి. కాన్వెంటులో టీచరు!" అన్నారు. మా ఆయన మీసం దువ్వుకున్నారు. మేలో పెళ్ళయింది. ఆగస్టులో ఆ దేశం వాళ్ళు, భాష పరీక్ష పాసైతేగాని భార్యలకి వీసా లేదన్నారు. అప్పుడు మీరన్న మాట, "ఇంగ్లీషు వచ్చినదానికి జర్మను ఎంతలో పని వదినగారూ, మూడు నెలలు."

ఆ మూడు నెలలూ అయ్యాయి. నోటి పరీక్షలో భోజనం బొమ్మ ఉన్న చీటీ చేతికిచ్చి ఒక ప్రశ్న అడగమంటే, మీ అమ్మాయి బొమ్మ వంక చూడకుండా తన పేరు, వయసు, ఊరు, అభిరుచులు గడగడా అప్పజెప్పిందట. ఆపితే మళ్ళీ పేరు దగ్గర్నుంచి అందుకుందట. ట్యుటోరియల్లో బిట్లు బట్టీ పట్టించినట్టు పట్టిస్తే అలాగే ఉంటుంది. చిలకలకి వీసా ఇస్తారేమో కనుక్కోండి.

ఒక సంగతి అడుగుతాను. పక్కింటివాళ్ళని పిలవడం, తలుపు తాళం పడిపోతే చెప్పడం, ఒంట్లో బాగోలేదని డాక్టరుకి చెప్పుకోవడం, ఇవి నేర్పుతున్నారా? అభిరుచులు ఎవరిక్కావాలి?

ఇంకో వాక్యం రాస్తే నియమం చెడుతుంది.

సుబ్బరావమ్మ


నల్లపాడు,
11 డిసెంబరు 2007.

వదినగారికి మల్లేశ్వరి రాసేది.

కార్తీకం మొన్న ఆదివారంతో వెళ్ళిపోయింది కాబట్టి ఇక మీ నియమానికి భయం లేదు. నాకు మొదట్నుంచీ నియమం లేదు.

పరీక్షకి పదిరోజుల ముందు నోముకి కోడలు లేకపోతే ఎలాగని కబురుపెట్టి పిలిపించుకున్నదెవరు? నలభైమంది ముత్తైదువలకి వంట చేయించి, ఎంగిలాకులు ఎత్తించి, పుస్తకం తెరిస్తే "దీపం పెట్టేవేళ చదువేంటమ్మా" అన్నదెవరు? జ్యోతి నాకు చెప్పలేదు. చేతి మీద నూనె చుక్కల మచ్చలు చెప్పాయి.

ఇక ఇంగ్లీషు గురించి. ఆ ఇంగ్లీషే దాని ప్రాణానికి వచ్చింది. అక్షరాలు అవే, ఇంగ్లీషులా చదివితే తప్పు. మాటలు చూస్తే చుట్టాల్లా ఉంటాయి, దగ్గరికి పోతే ముక్కూ మొహం తెలియనివాళ్ళు. ఆ భాషలో చెంచా మగది, ఫోర్కు ఆడది, కత్తి రెండూ కాదట. ఎందుకని అడిగితే మాస్టారు "అంతే" అంటాడు. ఇరవైనాలుగు అనడానికి నాలుగూ ఇరవై అంటారు. టేపులో ఫోన్ నంబరు చెబుతుంటే ఇది తలకిందులుగా రాసుకుంటుంది. "ఇంగ్లీషు రానివాళ్ళకి తిన్నగా నేర్పొచ్చండీ, వచ్చినవాళ్ళ నోట్లోంచి ముందు అది పీకాలి" అంటున్నాడు ఆయన. ఐదేళ్ళు పిల్లలకి తప్పులు దిద్దిన మనిషి ఇప్పుడు తన తప్పులకి తనే నవ్వలేక, ఏడవలేక, రోజూ అన్నం ముందు కూర్చుని కంచంలో గీతలు గీస్తోంది.

మీరు ఆ దేశంలో మూడు నెలలు ఉండొచ్చారు. ఎన్ని మాటలు నేర్చుకున్నారు? పెళ్ళిచూపుల్లో అడిగితే రోడ్లు అద్దంలా ఉన్నాయన్నారు, అంతే. ఆ మాత్రం మా ఇంట్లో క్యాలెండరు చూసినా తెలుస్తుంది.

తలుపు పడిపోతే మీ అబ్బాయి తీస్తాడు లెండి. దానికి కూడా నా కూతురే పరీక్ష రాయాలా?

మల్లేశ్వరి


అద్దంకి,
8 జనవరి 2008.

వదినగారికి,

ధనుర్మాసం. చలికి వేళ్ళు తిరగడం లేదు, అందులోనూ ఈ కుడిచెయ్యి. అయినా రాస్తున్నాను. నోరు పారేసుకోవడం మీకు అలవాటు, నాకు లేదు. మీరన్నవన్నీ స్వామి పాదాల దగ్గర పెట్టేశాను. ఆయన తీసుకుంటాడో, మీకే తిప్పి పంపిస్తాడో.

గుంటూరు బ్రాడీపేటలో రెబ్కా గారని రిటైరైన నర్సు ఉన్నారు. జర్మనీలో ఆస్పత్రిలో ఇరవైరెండేళ్ళు పనిచేసి వచ్చారు. నేను తిరిగొచ్చేటప్పుడు విమానంలో నా పక్క సీటు. అడ్రసు ఇచ్చి వెళ్ళారు, ఈ కాగితం వెనక రాశాను. ఆ బట్టీ మాస్టారుని మానిపించి అమ్మాయిని ఆవిడ దగ్గరికి పంపండి. పూజలు చేసుకునే సుబ్బరావమ్మ చర్చికి వెళ్ళే ఆవిడ దగ్గరికి పంపుతోందేమిటని మీ వీధిలో నవ్వుకుంటారేమో. నవ్వుకోనివ్వండి. మీ వీధికి నేనేం బాకీ లేను.

రెండో మాట. అరవై మార్కులు చాలవు వదినగారూ. తొంభై రావాలి. అరవై వచ్చేలా ఉంటే పరీక్షకి కూర్చోబెట్టొద్దు.

ఇది మీకు అత్తగారి అధికారంలా వినిపిస్తే అలాగే వినండి.

సుబ్బరావమ్మ


నల్లపాడు,
20 మార్చి 2008.

సుబ్బరావమ్మ గారికి,

ఇకమీద వదినగారూ అని రాయడానికి నా చెయ్యి రావడం లేదు.

రెబ్కా గారి దగ్గరికి పంపించాను. మీ మాట విన్నందుకు అదొక్కటే మంచి జరిగింది, అదీ ఒప్పుకుంటాను. మొదటిరోజు నేనూ వెళ్ళాను. గుమ్మంలోనే ఆవిడ, "ఏమ్మా, నీ ఇంగ్లీషుని చెప్పుల పక్కన విడిచి లోపలికి రా" అన్నారు. ఇది సిగ్గుపడుతూ జర్మనులో ఏదో అడిగింది. ఆవిడ కళ్ళజోడు తీసి, "పెద్దదాన్ని పట్టుకుని నన్ను నువ్వు అంటావా? మీ అమ్మని అంటావా అలా?" అన్నారు.

"అదికాదండీ, ఇంగ్లీషులో అందరికీ ఒకటే కదా..."

"నువ్వు ఇంగ్లీషు దొరసానివా? నల్లపాడు పిల్లవి. మీరు, నువ్వు అని రెండు నీకు పుట్టుకతో వచ్చాయి. వాళ్ళకీ ఉన్నాయి. తిన్నాను, వెళ్ళాను అని పని చెప్పే మాట మనం చివర్లో పెడతాం, వాళ్ళూ చాలాచోట్ల అంతే. ఇంట్లో ఉన్నదాన్ని వదిలేసి కాన్వెంటు చుట్టూ తిరిగొస్తావేమే!"

ఆ మర్నాటి నుంచి పిల్ల మొహం మారింది. పత్తి తీతకి వచ్చిన కూలీలకి జర్మనులో నీళ్ళు అందించేది. "ఇదిగో వచ్చింది మా దొరసాని" అని వాళ్ళు నవ్వేవాళ్ళు. ఇదీ నవ్వేది. పెళ్ళయ్యాక అది అలా నవ్వడం అప్పుడే చూశాను.

ఇప్పుడు అసలు సంగతి. ఈ నెల రెండో పరీక్షకి ముందురోజే హైదరాబాదు వెళ్ళి మా అన్నయ్యగారింట్లో దిగాం. పొద్దున తొమ్మిదికి పరీక్ష. ఏడింటికి మీరు ఫోన్ చేశారు. "ఎనిమిదీ నలభై దాకా వర్జ్యం, గడప దాటనివ్వకండి, అబ్బాయి ఆయుష్షుకి సంబంధించినది" అన్నారు. జ్యోతి "అమ్మా, పోదాం" అంటూనే ఉంది. నేనే చెయ్యి పట్టుకుని ఆపాను. ఊరందరికీ ముహూర్తాలు చెప్పే మనిషి చెబితే పంచాంగం తెరవక్కర్లేదనుకున్నాను. ఆటో దొరికి, దిల్‌సుఖ్‌నగర్ ట్రాఫిక్ దాటి వెళ్ళేసరికి టేపు వినిపించే మొదటి పేపరు అయిపోయింది. తలుపు దగ్గరే ఆపేశారు. నా పిల్ల ఆ మెట్ల మీద కూర్చుంది. ఏడవలేదు. అది చూసే నాకు భయం వేసింది.

నిన్న గుడిలో పూజారిగారి పంచాంగం అడిగి చూశాను. ఆ రోజు వర్జ్యం మధ్యాహ్నం రెండు తర్వాత. పొద్దున దుర్ముహూర్తం కూడా లేదు.

మీరు పొరపాటు పడే మనిషి కాదు. కాబట్టి చెప్పండి, నా కూతురు మీ అబ్బాయి దగ్గరికి వెళ్ళడం మీకెందుకు ఇష్టం లేదు? కొడుకు జీతం పంచుకుంటుందనా? ఇంకో సంబంధం చూసి పెట్టుకున్నారా?

మల్లేశ్వరి


అద్దంకి,
2 ఏప్రిల్ 2008.

వదినగారికి,

మీరు పిలవకపోయినా నేను వదినగారూ అనే రాస్తాను.

పంచాంగాల్లో తేడాలుంటాయి. నా దగ్గరున్నదాంట్లో అలా ఉంది. పాపం ఉంటే అది నాకు తగులుతుంది, మీరు మోయక్కర్లేదు.

కల్లంలో మిరపకాయ ఆరబోశాం. తాలు కాయలు ఏరడానికి కూలీలు లేరు, నేనే కూర్చుంటున్నాను. మీ ఉత్తరానికి ఇంతకంటే జవాబు రాసే తీరిక లేదు.

అమ్మాయి రెబ్కా గారి దగ్గరికి మానకుండా వెళ్తోందా? అది మాత్రం రాయండి.

సుబ్బరావమ్మ


నల్లపాడు,
19 జూలై 2008.

సుబ్బరావమ్మ గారికి,

మానలేదు. మూడోసారి రాసింది. తొంభైరెండు వచ్చాయి. ఈసారి ఏ ఇంట్లో దిగామో, పరీక్ష ఎప్పుడో మీకు చెప్పకుండా వెళ్ళాం. అందుకే పాసయింది. నోటి పరీక్షలో పరీక్ష పెట్టే ఆవిడ చీటీ ఇస్తే ఇది ప్రశ్న అడిగి ఊరుకోక, జవాబు మీద ఇంకో ప్రశ్న వేసిందట. ఆవిడ నవ్విందట. మీ అబ్బాయి సెప్టెంబరు నాలుగుకి టికెట్టు తీశాడు. వీసా కాగితాలు మద్రాసు వెళ్ళాయి. మీ ఆయన ఫోన్ చేసి "శభాష్ కోడలా" అన్నారు. మీరు ఫోన్ దగ్గరికి రాలేదు.

ఇదంతా మీ మొహం మీద కొట్టినట్టు రాద్దామని కూర్చున్నాను. కానీ నిన్న ఒకటి జరిగింది.

మిఠాయి తీసుకుని రెబ్కా గారింటికి వెళ్ళాను. మాటల్లో ఆవిడ, "మీ వియ్యపురాలి చెయ్యి నయమైందా?" అన్నారు.

"ఏ చెయ్యండీ?"

"కుడిచెయ్యి. కట్టుతో ఎక్కింది విమానం. బెల్టు నేనే పెట్టాను, అన్నం నేనే కలిపిచ్చాను."

"ఓ, అదా. బాత్రూములో జారారని చెప్పారు."

"నాకూ అదే చెప్పింది. నేను ముప్ఫయ్యేళ్ళు నర్సునమ్మా. జారిపడ్డ చెయ్యి ఎలా ఉంటుందో తెలుసు, మెలిపెట్టిన చెయ్యి ఎలా ఉంటుందో కూడా తెలుసు" అని మిఠాయి డబ్బా మూత పెట్టేశారు. ఇంక ఎంత అడిగినా, "ఆమెనే అడుగు. తొందరగా అడుగు" అన్నారు.

అడుగుతున్నాను. ఆ ఇంట్లో ఉన్నది మీరూ, మీ అబ్బాయీ. ఎవరు మెలిపెట్టారు?

మీ ఆయన వింటారని ఫోన్ చేయడం లేదు. ఉత్తరమే రాయండి. ఈసారి పంచాంగం చూడకుండా రాయండి.

మల్లేశ్వరి


అద్దంకి,
27 జూలై 2008.

వదినగారికి,

నాగేంద్రబాబే.

రెండేళ్ళ కిందట మేలో వెళ్ళాను. రెండో వారం కూరగాయలు తెద్దామని ఒక్కదాన్నే దిగి దారి తప్పాను. ఎవర్ని అడగాలో, ఏమని అడగాలో తెలియక బస్టాపులో నాలుగు గంటలు కూర్చున్నాను. పోలీసులు నా సంచిలో ఉన్న చీటీ చూసి వాడి ఆఫీసుకి ఫోన్ చేశారు. వాడికి తలకొట్టేసినట్టయింది. మర్నాటి నుంచి పొద్దున వెళ్తూ బయట తాళం వేసుకుని వెళ్ళేవాడు. వచ్చేసరికి చీకటిపడేది. సహస్రనామం చదువుకునేదాన్ని. మళ్ళీ చదువుకునేదాన్ని. మనిషి గొంతు వినబడాలని పైకి చదివేదాన్ని.

జూలైలో జ్వరం వచ్చింది. లేచి మంచినీళ్ళు తెచ్చుకోలేక గోడ కొట్టాను. పక్కింటి ముసలావిడ ఎవరినో పిలిచి తలుపు తీయించింది. నా పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, ఒకే మాట మూడుసార్లు అడిగింది. నాకు తెలియలేదు. నమస్కారం పెట్టాను. ఆవిడ కాసేపు చూసి వెళ్ళిపోయింది. సాయంత్రం వాడికి తెలిసింది. "నా పరువు తీశావే" అని ఆ చెయ్యే మెలిపెట్టాడు. ఎముక చప్పుడు నేను విన్నాను. డాక్టరు దగ్గర వాడే మాట్లాడాడు. ఏం చెప్పాడో ఇప్పటికీ నాకు తెలియదు.

విమానంలో రెబ్కా గారికి ఆ ముసలావిడ మాట నాకు గుర్తున్నట్టు చెప్పి అర్థం అడిగాను. "మీకు సాయం కావాలా" అని అడిగిందట. మూడుసార్లు.

మొగుడు కొడితే పుట్టింట్లో చెప్పుకుంటారు. కొడుకు కొడితే ఎక్కడ చెప్పుకుంటారు? మా ఆయనకి చెబితే, "వాడికి కోపం ఎక్కువని తెలిసీ గోడలెందుకు కొట్టావు, పెళ్ళయితే వాడే మారతాడు" అన్నారు. రోశయ్య గారు మీ సంబంధం తెచ్చినప్పుడు నేను నోరు మూసుకున్నాను. పెళ్ళిపందిట్లో కూడా మూసుకునే ఉన్నాను. రోడ్లు అద్దంలా ఉన్నాయన్నాను. అది అబద్ధం కాదు.

ఆగస్టులో ఆ రూలు వచ్చిందంటే దేవుడే అడ్డం పడ్డాడనుకున్నాను. నోముకి పిలిపించింది అందుకే. వర్జ్యం చెప్పింది అందుకే. ముప్ఫయ్యేళ్ళుగా పంచాంగం చూస్తున్నాను, దేవుడి లెక్క మీద అబద్ధమాడింది ఆ ఒక్కరోజే. ఎప్పటికీ ఆపలేనని కూడా తెలుసు. ఆపలేకపోతే, పిల్ల నోరుతో వెళ్ళాలనుకున్నాను. అరవైతో వెళితే దానికి పేరూ ఊరూ చెప్పడం వస్తుంది. గోడ కొట్టాక వచ్చిన మనిషికి జవాబు చెప్పడం రాదు.

ఇంత రాసి కూడా పంపాలా వద్దా అని రెండురోజులు దేవుడి గూట్లో పెట్టాను. టికెట్టు తేదీ దగ్గరపడుతోంది.

సుబ్బరావమ్మ


నల్లపాడు,
6 ఆగస్టు 2008.

సుబ్బరావమ్మ గారికి,

మీ ఉత్తరం నేను ఒకసారి చదివాను, జ్యోతి రెండుసార్లు చదివింది.

మీ పాపం గురించి మీరు రాసుకున్నారు. అబద్ధపు వర్జ్యం చెప్పినందుకు బాధపడ్డారు. నా పిల్ల మెడలో ఆ తాళి కట్టిస్తూ అక్షింతలు వేసినందుకు ఒక్క ముక్క బాధ ఆ కాగితంలో నాకు కనబడలేదు. మీ కొడుకు మిమ్మల్ని పెట్టిన గదిలోకి, తెలిసి తెలిసి, నా కూతుర్ని పసుపు బట్టలు కట్టి ముస్తాబు చేశారు. ఆ తర్వాత దానికి మాటలు నేర్పించమని నాకే చెప్పారు. మీకు దండం పెట్టాలా నేను? ఒక్క ఫోన్, ఒక్క కార్డు, పెళ్ళికి వారం ముందు "వద్దు" అని రెండక్షరాలు రాస్తే చాలేది. మీరు పడ్డదానికి నాకు జాలి కలగకపోలేదు. ఆ జాలి మీకు చెప్పదలుచుకోలేదు.

జ్యోతి ఆ సాయంత్రమే అతనికి ఫోన్ చేసింది. నేను పక్కనే ఉన్నాను. "అత్తయ్య చెయ్యి మీరే విరిచారా?" అని అడిగింది. అతను నవ్వాడు. "ముసల్దానికి మతి పోయింది" అన్నాడు. ఇది మళ్ళీ అడిగింది. అప్పుడు నవ్వు పోయింది. "ముందు నువ్విక్కడికి రా. వచ్చాక నీ నోటి సంగతి చూస్తాను" అన్నాడు. "నేను రాను" అని ఇది ఫోన్ పెట్టేసింది. వీసా కాగితాలు వెనక్కి తెప్పించుకుంది.

ఇప్పుడు మీ ఆయన రోశయ్యని పంపించారు. మా వాకిట్లో నిలబడి, పక్కింటివాళ్ళు వినేలా ఏమన్నాడో తెలుసా? "రెండుసార్లు కావాలనే పరీక్ష తప్పిందట కదా మల్లేశ్వరీ! రోజూ బ్రాడీపేట వెళ్ళింది చదువుకేనా? ఇక్కడెవడో ఉండబట్టే అక్కడికి పోనంటోంది." నేను చీపురు తీశాను. "అదిగో, ఆడదిక్కు కొంప!" అంటూ స్కూటరెక్కాడు. పదిహేడో తేదీ ఆదివారం అద్దంకిలో రోశయ్య ఇంట్లో పెద్దమనుషులు కూర్చుంటారట. టికెట్టు మీద పంపుతామా, చెడ్డపేరుతో వదిలించుకుంటామా, అక్కడ తేల్చాలట.

జ్యోతి వెళ్ళదు. అది తేలిపోయింది, దానికి ఏ పెద్దమనుషులూ అక్కర్లేదు. తేలాల్సింది దాని మీద వేసిన మాట. నిజం ఎవరూ చెప్పకపోతే, కావాలని పరీక్ష తప్పి మొగుణ్ణి వదిలేసిన పిల్ల అని ఈ రెండు జిల్లాల్లో అనుకుంటారు. కాన్వెంటువాళ్ళు ఇప్పటికే "కొన్నాళ్ళు ఆగండి టీచర్" అన్నారు. అది పై పరీక్షకి చదువుతోంది, రెబ్కా గారు తన దగ్గర కొత్తగా చేరిన నర్సు పిల్లలకి దీనిచేత పాఠం చెప్పిస్తున్నారు. "ఇంక వీసా కోసం కాదు కదే, ఎందుకింత చదువు?" అంటే, "ఇప్పుడే బాగా వస్తోందమ్మా" అంది. ఆ నర్సుల ఇళ్ళకి కూడా ఈ మాట చేరితే పంపరు.

మీ ఉత్తరం ఆ పెద్దమనుషులకి చూపించను. నేనే రాయించానంటారు. అదీగాక, మీరు కాగితం వెనక దాక్కోవడం నాకు ఇష్టం లేదు. ఇన్ని నెలలూ దాక్కున్నారు, చాలు. ఆదివారం అక్కడికి వచ్చి, మీ ఆయన ముందు, రోశయ్య ముందు, నోటితో చెప్పండి. రాకపోతే మీ పూజలు మీవి, మీ దేవుడు మీవాడు. మీ పేరు ఈ ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తరు.

మల్లేశ్వరి


అద్దంకి,
13 ఆగస్టు 2008.

వదినగారికి,

మీరు రాసినవాటిలో నేను కాదనగలిగింది లేదు. క్షమించమని అడగను. మీరు క్షమించినా నాకు నమ్మకం కలగదు.

వస్తాను.

మీ ఉత్తరం చేరిన రోజు నుంచి దేవుడి గది తలుపు వేసుకుని చెప్పి చూసుకుంటున్నాను. "నా కొడుకు నన్ను గదిలో పెట్టి తాళం వేశాడు, నా చెయ్యి విరిచాడు, కోడలి తప్పు లేదు." ఇంతే. మూడు ముక్కలు. మొదటిరోజు పెదవులు కదిలాయిగానీ గొంతు రాలేదు. రెండోరోజు "నా కొడుకు" దగ్గర ఆగిపోయింది. మూడోరోజు చివరిదాకా వచ్చింది, నాకే వినబడనంత. నిన్న వినబడింది. వసారాలో కూర్చున్న మా ఆయనకీ వినబడింది.

ఆయన వచ్చి తలుపు తీశారు. "కొడుకు మీద సాక్ష్యం చెప్పేదానివి మళ్ళీ ఈ గడప తొక్కక్కర్లేదు" అన్నారు. కొట్టలేదు. అన్నం తినకుండా పొలానికి వెళ్ళిపోయారు. నేను రెండు చీరలు, సహస్రనామం పుస్తకం సంచిలో సర్దుకున్నాను. కొత్తపట్నంలో మా పిన్నమ్మ కూతురుంది, ఆదివారం తర్వాత అక్కడికి పోతాను. మీ ఇంటికి రాను, మీరు పిలవరనీ తెలుసు. జ్యోతిర్మయిని నా వైపు చూడమని బలవంతం చేయకండి.

పది గంటలకి రోశయ్య గారింటి దగ్గర ఉంటాను. ఒక్కటే అడుగుతున్నాను. అందరూ కూర్చోగానే ముందు నన్నే అడగమనండి. వాళ్ళ మాటలు విన్న తర్వాతైతే నా గొంతు మళ్ళీ పోతుంది.

సుబ్బరావమ్మ